ఫయ్యూమ్ పటాల వెనక మనిషి ఏమయ్యారో చెప్పండి: మ్యూజియం అధికారులకు బహిరంగ లేఖ

ఈజిప్టు ఫయ్యూమ్ ప్రాంతపు మమ్మీ పటాలను తమ గోడల మీద పెట్టుకున్న మ్యూజియంల డైరెక్టర్లకు, క్యూరేటర్లకు,

నమస్కారం.

నేను తెనాలిలో ముప్పై ఎనిమిదేళ్లు ఫోటో స్టూడియో నడిపినవాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను. రెండేళ్ల కిందట విదేశంలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు, ఆ ఊళ్లోని ఒక పెద్ద మ్యూజియంలో ఈ పటాలను మొదటిసారి చూశాను. చూసి వచ్చాక ఆ మ్యూజియంకు ఇంగ్లిష్‌లో మూడు ఉత్తరాలు పంపాం. చెప్పింది నేను, టైపు చేసింది మా అమ్మాయి. మొదటిదానికి "మీ లేఖ అందింది, ధన్యవాదాలు" అని కంప్యూటర్ దానంతటదే పంపే జవాబు వచ్చింది. తర్వాతి రెండింటికి అదీ లేదు. ఆ మ్యూజియం పేరు ఇక్కడ రాయను. ఆ తర్వాత ఇంకో రెండు చోట్ల చూశాను, పద్ధతి అదే. కాబట్టి ఈ ఉత్తరం అందరికీ.

మీలో తెలుగు వచ్చినవాళ్లు ఉండరని తెలుసు. అయినా తెలుగులోనే రాస్తున్నాను. ఆదివారం పూట మీ గ్యాలరీల్లో మావాళ్లు చాలామందే కనిపిస్తారు. ఉద్యోగాలకు వచ్చిన పిల్లలు, వాళ్లను చూడటానికి ఆరు నెలల వీసా మీద వచ్చిన నాలాంటి తల్లిదండ్రులు. వాళ్లలో పదిమంది ఇది చదివి మీ కౌంటర్ దగ్గర ఇవే ప్రశ్నలు అడిగితే, అనువాదం మీరే చేయించుకుంటారు.

నేను చూసింది ఒక యువతి పటం. చెవులకు ముత్యాల లోలకులు, ఉంగరాలు తిరిగిన జుట్టు, నిద్ర చాలని కళ్లు. లేబుల్ మీద ఉన్నది ఇంతే: స్త్రీ చిత్తరువు, ఫయ్యూమ్, చెక్క మీద మైనపు రంగులు, సుమారు క్రీ.శ. 120. దాని కింద, మ్యూజియంకు దాన్ని ఇచ్చినాయన పేరు. ఆమె పేరు లేదు.

నా చూపు ముఖం మీద కంటే అంచుల మీదికే పోయింది. అది వృత్తి జబ్బు. పటం పై మూలలు రెండూ ఏటవాలుగా కోసి ఉన్నాయి. ఫ్రేమ్ కట్టడానికి ఎవరూ అలా కోయరు. అడుగున మూడు వేళ్ల మేర రంగే వేయలేదు. అక్కడ ఎండిన జిగురులాగా నల్లటి మరక, దానికి అంటుకుని గుడ్డ నేత అచ్చు. ఈ పలకను దేనిలోనో దూర్చి, చుట్టూ గుడ్డ చుట్టారని ఎవరికైనా తెలుస్తుంది. దేనిలోనో లేబుల్ చెప్పదు.

తర్వాత చదివి తెలుసుకున్నాను. దూర్చింది ఆమె శవం చుట్టూ చుట్టిన గుడ్డల్లో, సరిగ్గా ముఖం ఉండే చోట. ఈ పటాలు దొరికిన చోట్లలో, హవారాలో పలకల పైభాగాన్ని గుండ్రంగా కోసేవారు, ఎర్-రుబయ్యాత్‌లో ఏటవాలుగా, అంటినోపోలిస్‌లో మెట్టులాగా. ఆ కోత చూసి ఏ ఊరి శ్మశానం నుంచి వచ్చిందో చెప్పవచ్చునట. అంటే బొమ్మలోని అతి ముఖ్యమైన సమాచారం మూలల్లో ఉంది. చాలాచోట్ల ఆ మూలలను బంగారు రంగు ఫ్రేమ్ కింద దాచేశారు.

ఇది చదివే మావాళ్ల కోసం నాలుగు మాటలు. ఈజిప్టు క్రీ.పూ. 30లో రోమన్ల చేతికి వచ్చింది. ఆ తర్వాత సుమారు మూడు వందల ఏళ్లు, కైరోకు నైరుతిన ఉన్న ఫయ్యూమ్ ప్రాంతంలోనూ మరికొన్ని చోట్లా, కలిగినవాళ్లు తమవాళ్లు పోతే దేహాన్ని పాత ఈజిప్టు పద్ధతిలో మమ్మీ చేయించి, ముఖం ఉన్నచోట పలుచటి చెక్క మీద వేయించిన బొమ్మ పెట్టేవారు. రంగును మైనంలో కలిపి వేసేవారు, లేదా జిగురులో. చెక్క చాలావాటికి యూరప్ నుంచి తెప్పించిన లిండెన్ చెట్టుది. ఇప్పటికి దొరికినవి దాదాపు వెయ్యి. వాటిలో దేహంతో కలిసి ఉన్నవి వంద దాకా మాత్రమే.

మిగతా తొమ్మిది వందల మంది ఏమయ్యారు? నా మూడు ఉత్తరాల్లోనూ అడిగింది ఈ ఒక్క మాటే.

దీని మీద నాకెందుకింత పట్టింపు అని మా అల్లుడు కూడా అడిగాడు. నేను బతుకుతెరువు కోసం ఇదే పని చేశాను. మా స్టూడియోకు పెళ్లిళ్ల కంటే పెద్దకర్మల గిరాకీ ఎక్కువ. మనిషి పోయిన మూడో నాలుగో రోజు కొడుకో తమ్ముడో వచ్చేవాడు. చేతిలో పెళ్లి గ్రూపు ఫోటో ఉండేది, వెనక వరుసలో సగం ముఖం. లేదా రేషన్ కార్డు మీద మాసిపోయిన బొమ్మ. దాన్ని పెద్దది చేసి, నెగటివ్ మీద పెన్సిల్‌తో రీటచింగ్ చేసి, పెద్దకర్మ నాటికి ఫ్రేమ్ కట్టి ఇవ్వాలి. "కళ్లు కాస్త తెరిచినట్టు పెట్టు బాబూ" అనేవారు. ఒకామె తల్లి ఫోటో తెచ్చి, "చెవులకు దుద్దులు వెయ్యండి, బతికుండగా మేం పెట్టలేకపోయాం" అంది. వేశాను. ఆమె పటాన్ని కొంగులో చుట్టుకుని బస్సెక్కడం నాకింకా గుర్తుంది.

ఫయ్యూమ్ ప్రాంతంలోని టెబ్టునిస్‌లో పూర్తి కాని ఒక పటం దొరికింది. ఇప్పుడు అమెరికాలో బర్క్‌లీలో ఉంది. ముఖం గీతలు మాత్రమే గీసి, ఏ రంగు ఎక్కడ వేయాలో, నగ ఎలా ఉండాలో గ్రీకులో రాసి పెట్టుకున్నారు. అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మా ఆర్డర్ పుస్తకంలో నేనూ అచ్చం అలాగే రాసుకునేవాణ్ణి: "పంచె తెలుపు, కండువా అంచు ఎరుపు, బొట్టు చిన్నది."

అలా కట్టించిన పటానికి ఇంట్లో దండ వేస్తారు, బొట్టు పెడతారు, ఏడాదికోసారి ముందు విస్తరి వేస్తారు. దాన్ని ఎవరో గోడ మీంచి దించి, దండ తీసేసి, పేరు చెరిపేసి, "పురుషుడి చిత్తరువు, గుంటూరు జిల్లా, దాత ఫలానా" అని రాసి పెడితే ఎలా ఉంటుంది? మీరు చేసింది ఇంకా ఎక్కువే. మాది గోడ మీది పటం. అది మనిషి మీది పటం.

ఇక జరిగినదాన్ని దాచకుండా చెప్పుకుందాం. 1888లో ఫ్లిండర్స్ పీట్రీ అనే బ్రిటిష్ పురావస్తు పరిశోధకుడు హవారాలో పిరమిడ్ లోపలికి దారి వెతుకుతూ ఈ సమాధుల మీద పడ్డాడు. మొదటి సీజన్‌లోనే ఎనభైకి పైగా పటాలు దొరికాయి. ఆ ఏడాదే లండన్‌లో పికడిల్లీలోని ఈజిప్షియన్ హాల్లో ప్రదర్శన పెట్టాడు. 1910-11లో మళ్లీ వచ్చి మరికొన్ని తీశాడు. పీట్రీ శ్రద్ధగలవాడే, కాదనను. ఏది ఎక్కడ దొరికిందో రాసుకున్నాడు. పొరలు రాలిపోతున్న బొమ్మల మీద కరిగించిన మైనం పోసి నిలబెట్టాడు (పాత వస్తువులను బాగుచేసే నేటి కన్సర్వేటర్లకు ఆ మైనమే తలనొప్పి). కొన్ని మమ్మీలను మొత్తంగా ఉంచాడు. చాలావాటికి పటం కోసి తీసుకుని మిగతాది వదిలేశాడు.

థియోడర్ గ్రాఫ్ సంగతి వేరు. వియన్నా వ్యాపారి. 1887 నుంచి ఎర్-రుబయ్యాత్ దగ్గర ఊరివాళ్లు తవ్వి తీసినవాటిని వందల లెక్కన కొన్నాడు. అతను కొన్నది పటాలను, దేహాలను కాదు. కొన్ని ముఖాలు, రోమన్లకు ముందు ఈజిప్టును ఏలిన గ్రీకు టోలెమీ రాజవంశానివని కూడా ప్రచారం నడిపించాడు. రాజు ముఖం రైతు ముఖం కంటే ఎక్కువ ధర పలుకుతుంది కదా. ఊరూరా ప్రదర్శనలు పెట్టి అమ్మాడు. ఈ రోజు మీ గోడల మీద ఉన్నవాటిలో చాలావాటి పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే అతని దుకాణం గుమ్మం దగ్గర ఆగిపోతాయి.

ఈ కథలో మీ పుస్తకాలు తప్పకుండా చెప్పే ఒక ముక్క ఉంది: దొరికిన పటాల్లో కొన్నింటిని ఊరివాళ్లు చలికి పొయ్యిలో పెట్టుకున్నారని. నిజమే కావచ్చు. మా తెనాలికి బస్సు దూరంలో ఉన్న అమరావతిలో కూడా స్తూపం రాళ్లను ఇళ్లకు వాడుకున్నారు, సున్నం కాల్చుకున్నారు. అదీ నిజమే, మాకు సిగ్గే. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు 1859లో లండన్‌కు ఓడెక్కాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అద్దాల గదిలో చల్లగా ఉన్నాయి. వాటి ముందు నిలబడ్డప్పుడు నాకు గర్వమో దుఃఖమో తేల్చుకోలేని ఏదో అయింది. ఊరివాళ్లు కాల్చారన్నది చెప్పండి. దాంతోపాటు కోసినవాళ్లు ఎవరో, వదిలేసినవాళ్లు ఎవరో కూడా చెప్పండి. ఒక సగం చెప్పి రెండో సగం మింగితే అది చరిత్ర కాదు, వకాల్తా.

మాకు నీతులు చెప్పే అర్హత ఉందా అంటే, పూర్తిగా లేదు. మా హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంలో కూడా ఒక ఈజిప్టు మమ్మీ ఉంది, నిజాం కాలంలో వచ్చింది. చిన్నప్పుడు మేమూ ముక్కు అద్దానికి ఆనించి చూసి, బయటికొచ్చి నవ్వుకున్నవాళ్లమే. ఆ తప్పు ఒప్పుకునే ఇది రాస్తున్నాను.

మీ మౌనం వల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది:

1. చూడటానికి వచ్చినవాళ్లకు తాము ఎవరి ముందు ఉన్నారో తెలియడం లేదు. నా కళ్ల ముందే ఇద్దరు పిల్లలు ఆ యువతి పటం పక్కన పెదాలు ముడిచి సెల్ఫీ తీసుకున్నారు. వాళ్ల తప్పేం లేదు. "ఇది శవం ముఖం మీద నుంచి తీసిన పలక" అని ఒక్క వాక్యం ఉంటే తీసుకునేవాళ్లు కాదు. మా ఆవిడైతే ఆ సంగతి తెలిసిన వెంటనే రెండడుగులు వెనక్కి వేసి చేతులు జోడించింది. ఏది చేయాలో ఎవరికి వాళ్లు తేల్చుకోవాలి. దానికి విషయం తెలియాలి.

2. ఫయ్యూమ్‌లో ఈ రోజు బతుకుతున్న జనానికి తమ పూర్వీకుల ముఖాలు చూసే దారి చాలా తక్కువ. కైరోలో కొన్ని ఉన్నాయి. మిగతావి లండన్, పారిస్, బెర్లిన్, వియన్నా, మాస్కో, న్యూయార్క్, లాస్ ఏంజిలిస్. అక్కడి రైతు కూతురికి వీసా ఎవరిస్తారు? మా అమ్మాయి దగ్గరికి రావడానికి నాకే రెండుసార్లు తిరస్కరించారు. బ్యాంకు పుస్తకాలు, పొలం కాగితాలు పట్టుకుని తిరిగిన టెన్షన్ నాకు తెలుసు.

3. వాళ్లను వాళ్ల మట్టికి కాకుండా చేస్తున్నారు. "గ్రీకు స్త్రీ", "రోమన్ పురుషుడు" అని రాస్తారు. ఫయ్యూమ్‌లో టోలెమీల కాలంలో గ్రీకు సైనికులకు భూములిచ్చారు, వాళ్లు స్థానికులతో కలిసిపోయారు. పేరు గ్రీకు, బట్టలు రోమన్, చావు ఈజిప్టుది. బ్రిటిష్ మ్యూజియంలోని అర్తెమిదోరస్ మమ్మీ చూడండి. పేరు గ్రీకు, గ్రీకులోనే వీడ్కోలు రాసి ఉంది, అందులోనూ అక్షరదోషంతో. ఛాతీ కింద అనూబిస్ దేవుడు శవానికి సేవ చేస్తున్నాడు. హవారా శ్మశానంలోని పళ్లను పోల్చి చూసిన పరిశోధకులు కూడా ఈ జనం అంతకు ముందరి ఈజిప్టువాళ్లకే దగ్గర అన్నారు. మరి లేబుల్ మీద "ఈజిప్టు" అన్న మాట రాయడానికి చేతులు ఎందుకు రావు?

4. విద్యార్థులు, బడి పంతుళ్లు, చిన్న పత్రికలవాళ్లు మంచి ఫోటో కావాలంటే కొన్ని మ్యూజియంలు డబ్బు అడుగుతున్నాయి. రెండు వేల ఏళ్ల కిందట చనిపోయిన మనిషి ముఖానికి కాపీరైటు ఏమిటో ఫోటోగ్రాఫర్‌గా నాకు అర్థం కాదు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం, లాస్ ఏంజిలిస్ గెట్టి మ్యూజియం ఎన్నో బొమ్మలను ఉచితంగా ఇస్తున్నాయి, వాళ్లేమీ మూతపడలేదు.

5. దొంగ తవ్వకాలకు ఊతం దొరుకుతోంది. 1983లో ఈజిప్టు 117వ నంబరు చట్టంతో పురావస్తువుల వ్యాపారాన్ని నిషేధించింది. 2011 ప్రజా తిరుగుబాటు గొడవల తర్వాత దొంగ తవ్వకాలు మళ్లీ పెరిగాయి. దేహం లేని పటం గౌరవంగా గోడెక్కవచ్చని మీ గ్యాలరీ చూపిస్తుంటే, పటం కోసి దేహాన్ని ఇసుకలో పారేసేవాడికి కొనేవాడు దొరుకుతూనే ఉంటాడు.

6. హవారా నేలలో నీరు ఊరుతోంది. సమాధుల మధ్యగా కాలువ వెళుతుంది, పిరమిడ్ లోపల నీళ్లు నిలిచాయి. అక్కడ ఇంకా ఎవరున్నారో మనకు తెలియదు. పటాల మీద వచ్చే ఆదాయంలో, పోస్టుకార్డుల మీద వచ్చేదాంట్లోనైనా, ఆ నేలకు ఎంత వెళుతోంది? (పోస్టుకార్డు నేనూ కొన్నాను. మా ఇంట్లో ఉంది. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం మాత్రం కొనలేకపోయాను.)

చేయలేని పని ఏదీ అడగడం లేదు. చేసినవాళ్లున్నారు. కేంబ్రిడ్జ్‌లోని గర్టన్ కాలేజీలో హెర్మియోనె అనే యువతి ఉంది. 1911లో పీట్రీ తీసిందే. పటం, దేహం, పేరు మూడూ ఒక్కచోట ఉన్నాయి. పేరు పక్కన "గ్రమ్మతికె" అని ఉంది, అంటే చదువుకున్నది, లేదా చదువు చెప్పేది. అప్పట్లో అది ఆడపిల్లల కాలేజీ కాబట్టి పీట్రీ ఆమెను అక్కడికి పంపాడు. బెర్లిన్‌లో అలీనె అనే ఆమె సమాధి వివరాలు నిలిచి ఉన్నాయి. హెరోదెస్ కూతురు, మరో పేరు తెనోస్, వయసు 35, పక్కనే చిన్నపిల్లల మమ్మీలు. ఇవి చదివినప్పుడు బొమ్మ అందం గుర్తుకు రాదు, ఒక ఇల్లు గుర్తుకొస్తుంది. మ్యూనిక్‌లో మూడు నాలుగేళ్ల బాబు మమ్మీని సీటీ స్కాన్ తీసి, ముఖాన్ని తిరిగి కట్టి, పటంతో పోల్చారు. ముఖం కలిసింది. పటంలో కాస్త పెద్దవాడిలా ఉన్నాడంతే. న్యుమోనియాతో పోయాడట. ఇది 2020లో అచ్చయింది. దేహం పక్కన ఉంది కాబట్టే ఆ సంగతి తెలిసింది. తొమ్మిది వందల మంది విషయంలో ఆ దారి మూసుకుపోయింది.

గెట్టి మ్యూజియం 2013లో మొదలుపెట్టిన పరిశోధనలో నలభైకి పైగా సంస్థలు కలిసి చెక్క, రంగు, మైనం పరీక్షిస్తున్నాయి. మంచి పని. కానీ ఆ ఫలితాలు ఎక్కువగా నిపుణుల సభల్లో, పుస్తకాల్లోనే తిరుగుతున్నాయి. గోడ మీద లేబుల్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ అవే నాలుగు ముక్కలు.

కాబట్టి మీ ముందు పెడుతున్న డిమాండ్లు:

1. ప్రతి పటం లేబుల్‌లో మూడు విషయాలు రాయాలి: ఇది మమ్మీ ముఖం మీద ఉండేదని, ఎవరు ఎప్పుడు తీశారని, దేహం ఏమైందని. తెలియకపోతే "తెలియదు" అని రాయండి. ఆ మాటకు సిగ్గుపడక్కర్లేదు.

2. కోసిన మూలలు, రంగు లేని అడుగుభాగం, అంటుకున్న గుడ్డ ముక్కలు కనిపించేలా ఫ్రేమ్ మార్చండి. మార్చలేకపోతే పలక ముందూ వెనకా ఫోటోలు తీసి పక్కన పెట్టండి.

3. ఎక్కడెక్కడ తర్వాతివాళ్లు రంగు దిద్దారో చూపించండి. గ్రాఫ్ చేతి మీదుగా వచ్చినవాటిలో ఇది మరీ ముఖ్యం. నేను జీవితమంతా రీటచింగ్ చేశాను, దిద్దడం నేరం కాదు. దిద్దలేదన్నట్టు చూపించడమే మోసం.

4. కొన్న కాగితాలు, దానపత్రాలు స్కాన్ చేసి అందరికీ కనిపించేలా పెట్టండి.

5. దేహం నుంచి విడదీసిన పుర్రెలు, ఎముకలు, గుడ్డలు ఇంకా ఏ స్టోరు గదిలోనైనా ఉంటే, ఏ పటానివో జత చేసే పని మొదలుపెట్టండి. పీట్రీ కొన్ని పుర్రెలను పటాలతో పోల్చడానికే దాచాడు. రెండూ వేర్వేరు భవనాల్లో ఉండాల్సిన అవసరం ఏముంది?

6. ఫోటోలు ఉచితంగా ఇవ్వండి. కనీసం ఈజిప్టు బడులకైనా, అరబిక్ వివరణతో.

7. ఫయ్యూమ్‌లోనే, పాత కరానిస్ పట్టణం పక్కన కోమ్ ఊషిమ్‌లో చిన్న మ్యూజియం ఉంది. అక్కడికి పటాలను దీర్ఘకాలం అప్పుగా పంపండి. తిరిగివ్వడం గురించి ఈజిప్టు ప్రభుత్వం, మీరు మాట్లాడుకోండి, దాని మధ్యలోకి నేను రాను. అప్పుగా పంపడానికి ఆ చర్చ తేలేదాకా ఆగక్కర్లేదు.

8. తవ్విన ఈజిప్టు పనివాళ్లను కూడా చెప్పండి. పీట్రీ తన నోటుపుస్తకాల్లో వాళ్ల పేర్లు రాసుకున్నాడు. ఆయన రాసుకున్నవాటిని మీరు వదిలేశారు.

2022 డిసెంబరులో ఈజిప్టు అధికారులు, పాతకాలపు ఫిలడెల్ఫియా పట్టణం (అమెరికాది కాదు) ఉన్న ఫయ్యూమ్‌లోని గెర్జా గ్రామంలో మళ్లీ ఈ పటాలు దొరికాయని ప్రకటించారు. పీట్రీ తర్వాత నూరేళ్లు దాటాక, ఈసారి ఈజిప్టువాళ్ల చేతులతోనే. ఆ వార్తతోపాటు సమాధి కట్టడం గురించి, శవపేటికల గురించి, చుట్టూ దొరికిన పపైరస్ రాతల గురించి కూడా చెప్పారు. మొత్తం నేలంతా ఒక్కటిగా చూపించారు. నేను అడుగుతున్నది కూడా అదే.

వచ్చే వేసవిలో మళ్లీ మా అమ్మాయి దగ్గరికి వస్తున్నాను, వీసా వస్తే. మొదటి ఆదివారం ఆ యువతి పటం దగ్గరికే వస్తాను. ఈలోగా జవాబు రాయాలనుకుంటే పాత మూడు ఉత్తరాల అడుగున మా అమ్మాయి అడ్రసు ఉంది, ఏ భాషలో రాసినా చదివించుకుంటాను.

ఇట్లు,
తెనాలి నుంచి ఒక పాత స్టూడియో ఫోటోగ్రాఫర్